శివారుకు అందని కరెంటు: సెల్ఫ్ మోటారు కథ

పొద్దున్నే బందరు వెళ్లాలి. విజయవాడ పటమటలో ఇంటి ముందున్న కారెక్కి తాళం తిప్పాను. డాష్‌బోర్డు మీద లైట్లన్నీ వెలిగాయి. ఇంకో మెట్టు తిప్పాను. టిక్. అంతే, ఇంజన్ కదల్లేదు. మళ్లీ తిప్పితే మళ్లీ టిక్. హారన్ నొక్కితే వీధంతా మోగింది. హెడ్‌లైట్లు వేస్తే ఎదురుగోడ మీద వెలుగు నిండుగా పడింది. బ్యాటరీ పోయిందనుకుందామంటే ఇంత వెలుగు ఎక్కడిది? బాగుందనుకుందామంటే బండి ఎందుకు కదలదు?

ఆటోనగర్ నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్‌కు అరవై దాటి ఉంటాయి. చేతిసంచిలో నాలుగు స్పానర్లు, ఒక టెస్ట్ ల్యాంపు, ఒక మీటరు, అంతే సరంజామా. బానెట్ ఎత్తి, "లైట్లు వేసే ఉంచి సెల్ఫ్ కొట్టండి సార్" అన్నారు. కొట్టాను. లైట్లు ఒక్కసారిగా మసకబారాయి. ఇంకో రెండుసార్లు కొట్టించి, బ్యాటరీ రెండు టెర్మినళ్ల మీద వేళ్లు ఆనించి చూశారు. "మీరూ చెయ్యి పెట్టి చూడండి" అన్నారు. ఒకటి చల్లగా ఉంది. రెండోది వెచ్చగా ఉంది.

"బ్యాటరీ మార్చాలా బాబాయ్?" అన్నాను.

"బ్యాటరీకేం సార్, బాగానే ఉంది. కరెంటు దారిలో ఆగిపోతోంది."

వెచ్చగా ఉన్న క్లాంపు ఊడదీశారు. లోపలంతా తెల్లటి, పచ్చటి పొడి పూసి ఉంది. వంటింట్లోంచి చెంబుడు వేణ్నీళ్లు తెప్పించి కడిగి, గరుకు కాగితంతో సీసం మెరిసేదాకా రుద్ది, బిగించారు. తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది.

"అంత కచ్చితంగా ఎలా చెప్పారు?" అని అడిగితే ఆయన చెప్పిన మాట ఈ వ్యాసానికి మూలం. "మా నాన్న కాలవ మీద లస్కరు సార్. చేలోకి నీళ్లు రావట్లేదని శివారు రైతు వస్తే ఆయన బ్యారేజీ దగ్గరికి పరిగెత్తేవాడు కాదు. గట్టెంట నడుచుకుంటూ పోయేవాడు. నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో, ఎక్కడ తగ్గాయో చూసేవాడు. మాదీ అదే పని."

ఆ పని అర్థం కావాలంటే, మనం తాళం తిప్పిన ప్రతిసారీ ఒక్క క్షణం కష్టపడి మళ్లీ నిద్రలోకి జారుకునే ఆ చిన్న మోటారు పుట్టుక తెలియాలి.

హ్యాండిల్ చేత పట్టిన రోజులు

పెట్రోల్, డీజిల్ ఇంజన్లకు పుట్టుకతోనే ఒక లోపం ఉంది. తమంతట తాము మొదలుకాలేవు. ఆవిరి యంత్రంలో ఆవిరి వదిలితే పిస్టన్ కదులుతుంది. కరెంటు మోటారుకు స్విచ్ వేస్తే చాలు. ఈ ఇంజన్ మాత్రం ముందు గాలిని, ఇంధనాన్ని లోపలికి పీల్చుకోవాలి, వాటిని గట్టిగా నొక్కాలి, అప్పుడు మంట అంటుకోవాలి. పీల్చాలన్నా నొక్కాలన్నా పిస్టన్ కదలాలి. పిస్టన్ కదలాలంటే అంతకుముందే ఒకసారి మంట పుట్టి ఉండాలి. ఈ ముడిని విప్పడానికి మొదటి తోపు బయటి నుంచే రావాలి.

ఆ మొదటి తోపు ఎంత కష్టమో డెల్టా రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు. పంటకాలువ కన్నా మెరకలో ఉన్న చేలకు ఆయిల్ ఇంజన్‌తో నీళ్లు తోడినవాళ్లు ఇప్పటికీ ఊరూరా ఉన్నారు. పైన ఉన్న చిన్న మీట ఎత్తిపడితే వాల్వు తెరుచుకుని లోపలి గాలి బయటికి పోతుంది, అప్పుడు చక్రం తేలిగ్గా తిరుగుతుంది. హ్యాండిల్ వేసి తిప్పి తిప్పి చక్రం వేగం అందుకున్నాక మీట వదిలేస్తారు. తిరుగుతున్న చక్రం బరువే పిస్టన్‌ను ముందుకు తోసి, గాలిని నొక్కి, మంట పుట్టిస్తుంది. అది సరిగ్గా కుదరకపోతే ఇంజన్ ఎదురు తన్నుతుంది. అందుకే పెద్దవాళ్లు కుర్రాళ్లకు మొదట నేర్పేది హ్యాండిల్ పట్టుకునే తీరు. బొటనవేలు హ్యాండిల్ చుట్టూ చుట్టకూడదు. మిగతా నాలుగు వేళ్ల పక్కనే ఉంచాలి. ఎదురు తన్నితే చెయ్యి జారిపోవాలే తప్ప ఇరుక్కోకూడదు.

కార్ల తొలినాళ్లలో ప్రపంచమంతటా ఇదే భయం. హ్యాండిల్ ఎదురు తిరిగి మణికట్టు విరగడం ఎంత మామూలైందంటే, ముంజేతి రేడియస్ ఎముక మణికట్టు దగ్గర ఒక పక్కగా విరిగితే వైద్యులు దాన్ని ఇప్పటికీ 'షోఫర్ ఫ్రాక్చర్', అంటే కారు డ్రైవరు విరుపు, అనే పిలుస్తారు. మన అంబాసిడర్ కారుకు కూడా ముందు వైపు హ్యాండిల్ దూర్చే రంధ్రం ఉండేది. సెల్ఫ్ తిరగని పొద్దున డిక్కీలోంచి ఆ ఇనుప కడ్డీ తీసి తిప్పడం డ్రైవరు ఉద్యోగంలో ఒక భాగం.

స్ప్రింగులతో, నొక్కిపెట్టిన గాలితో, ఎసిటిలీన్ వాయువుతో ఇంజన్ తిప్పాలని చాలామంది ప్రయత్నించారు. కరెంటు మోటారుతో తిప్పవచ్చన్న ఆలోచన కూడా కొత్తది కాదు. అయితే ఇంజన్‌ను తిప్పగలిగేంత మోటారు లెక్కగడితే అది దాదాపు ఇంజనంత అయ్యేది. దానికి కావలసిన బ్యాటరీలకే ఇంకో బండి కావాలి అనిపించేది.

గల్లాపెట్టె నేర్పిన పాఠం

ఆ లెక్కను తిరగరాసినవాడు చార్లెస్ కెటరింగ్. 1876లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక రైతు కుటుంబంలో పుట్టాడు. చదువుకునే రోజుల్లో కంటిజబ్బు వేధించింది. 1904లో డేటన్ నగరంలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో చేరాడు. దుకాణాల్లో డబ్బు లెక్కగట్టే గల్లాయంత్రాలను తయారుచేసే సంస్థ అది. అప్పటిదాకా వాటిని చేత్తో తిప్పేవారు. కెటరింగ్ వాటికి ఒక చిన్న మోటారు బిగించాడు.

అక్కడే అతనికి అసలు కిటుకు దొరికింది. గల్లాయంత్రం రోజంతా తిరగదు. ఒక్క క్షణం తిరిగి చాలాసేపు ఆగుతుంది. ఎడతెరిపి లేకుండా తిరిగే మోటారుకు వేడెక్కడమే హద్దు. క్షణంపాటు తిరిగే మోటారుకు ఆ హద్దు లేదు. తన శక్తికి అయిదారింతల పని ఒక్క క్షణం చేయించి, తర్వాత చల్లారనివ్వవచ్చు. కారు ఇంజన్‌కు కావలసింది కూడా ఒక్క క్షణపు బలమే కదా!

1909లో కెటరింగ్, ఎడ్వర్డ్ డీడ్స్ కలిసి డెల్కో అనే సంస్థ పెట్టారు. డీడ్స్ ఇంటి పెరట్లోని కొట్టమే వాళ్ల ప్రయోగశాల. ఈలోపు కాడిలాక్ కార్ల అధిపతి హెన్రీ లేలండ్‌కు హ్యాండిల్ మీద కసి పుట్టింది. దారిలో ఆగిపోయిన ఒకావిడ కారుకు హ్యాండిల్ తిప్పబోయి ఆయన స్నేహితుడు బైరన్ కార్టర్ దెబ్బతిని, ఆ తర్వాత చనిపోయాడని, అదే లేలండ్‌ను కదిలించిందని వాహన ప్రపంచంలో తరతరాలుగా ఒక కథ చెప్పుకుంటారు. లేలండ్ పిలుపుతో కెటరింగ్ బృందం పనిలోకి దిగింది. 1911 ఫిబ్రవరిలో ఆ మోటారుతో కాడిలాక్ కారు స్టార్ట్ అయింది. 1912 మోడల్ కాడిలాక్‌లన్నీ హ్యాండిల్ అక్కర్లేని కార్లుగా బజారులోకి వచ్చాయి.

ఆ తొలి యంత్రంలో ఒకే మోటారు రెండు పనులు చేసేది. మొదట ఇంజన్‌ను తిప్పేది. ఇంజన్ అందుకున్నాక అదే డైనమోగా మారి బ్యాటరీకి కరెంటు తిరిగి ఇచ్చేది. తీసుకున్న అప్పు దారిలోనే తీర్చే ఏర్పాటు. 1914 నాటికి విన్సెంట్ బెండిక్స్ తయారుచేసిన పళ్లచక్రం అమరిక కార్లలోకి వచ్చింది. మోటారు తిరిగేటప్పుడు పళ్లచక్రం ముందుకు జరిగి ఇంజన్‌ను పట్టుకుంటుంది, ఇంజన్ వేగం అందుకోగానే తానే వెనక్కి వచ్చేస్తుంది. వందేళ్లు దాటినా ఆయన ఇంటిపేరు మన మెకానిక్ షెడ్లలో బతికే ఉంది. 'బెండిక్స్ పోయింది' అనని ఎలక్ట్రీషియన్ ఆటోనగర్‌లో దొరకడు.

1919లో ఫోర్డ్ మోడల్ టీకి కూడా సెల్ఫ్ మోటారు అందుబాటులోకి వచ్చింది. కండబలం ఉన్నవాడిదే కారు అన్న రోజులు పోయాయి. ఆడవాళ్లు, పెద్దవయసువాళ్లు ఎవరి సాయం లేకుండా కారు తీయగలిగారు. హ్యాండిల్ బెడద లేదన్న కారణంతో అమ్ముడుపోతున్న ఆనాటి విద్యుత్ కార్లకు ఆ ఆధిక్యం పోయింది. ఇంకోలా చెప్పాలంటే, ఒక చిన్న విద్యుత్ మోటారే పెట్రోల్ ఇంజన్‌ను నిలబెట్టింది.

తాళం తిప్పాక ఏం జరుగుతుంది?

మనం తాళం తిప్పినప్పుడు మోటారుకు నేరుగా కరెంటు వెళ్లదు. మోటారుకు కావలసిన కరెంటు చిన్న పెట్రోల్ కారులో కూడా 100 నుంచి 200 ఆంపియర్లు. అంత కరెంటు ఆ సన్నని స్విచ్‌లోంచి పంపితే అది కరిగిపోతుంది. అందుకని తాళం ఒక చిన్న కరెంటును మోటారు వీపు మీద ఉండే సొలనాయిడ్‌కు పంపుతుంది. అందులో రాగితీగ చుట్టలు రెండు. ఒకటి ఇనుప కడ్డీని లాగేది, రెండోది లాగిన కడ్డీని పట్టి ఉంచేది. కడ్డీ కదలగానే రెండు పనులు జరుగుతాయి. ఒక చివర పినియన్ అనే చిన్న పళ్లచక్రాన్ని తోసి ఇంజన్ ఫ్లైవీల్‌తో కలుపుతుంది. ఇంకో చివర రాగి బిళ్లను రెండు బోల్టులకు తాకించి, బ్యాటరీ నుంచి మోటారుకు పెద్ద కరెంటు దారి తెరుస్తుంది. మనకు వినబడే 'టిక్' ఆ బిళ్ల తగిలిన చప్పుడు.

పినియన్‌కు పది దాకా పళ్లుంటే ఫ్లైవీల్‌కు వందకు పైగా ఉంటాయి. మోటారు నిమిషానికి రెండు మూడు వేల చుట్లు తిరిగితే ఇంజన్ రెండు వందల చుట్లు తిరుగుతుంది. ఇంజన్ అందుకోవడానికి అంత చాలు. మోటారు కదలకుండా నిలబడి ఉన్నప్పుడే దానికి బలం ఎక్కువ. తిరగడం మొదలయ్యాక తనలో తానే ఎదురు ఓల్టేజీ పుట్టించుకుని కరెంటు తగ్గించుకుంటుంది. ఇంజన్‌కు మొదటి కదలికలోనే ఎక్కువ బలం కావాలి కాబట్టి ఈ స్వభావం దానికి సరిగ్గా సరిపోయింది.

ఇంత చేసీ బ్యాటరీలోంచి ఖర్చయ్యేది చాలా తక్కువ. పది ఓల్టులు, 150 ఆంపియర్లు, రెండు క్షణాలు అనుకుంటే మామూలు 45 ఆంపియర్-అవర్ బ్యాటరీలో దాచిన శక్తిలో అది ఐదు వందల వంతు కూడా కాదు. అంటే బ్యాటరీ అనే చెరువులో ఎంత నీరుందన్నది ఇక్కడ ఎక్కువగా ప్రశ్న కాదు. ఒక్క క్షణంలో ఎంత నీరు వదలగలదు, అది శివారుదాకా చేరుతోందా అన్నదే ప్రశ్న.

గుర్రపుడెక్క లెక్క

కృష్ణా డెల్టాలో పుట్టినవారికి కరెంటు లెక్క సులువుగా అర్థమవుతుంది. ఓల్టేజీ అంటే కాలువ తలదగ్గర నీటిమట్టం. కరెంటు అంటే పారే నీరు. వైరు కాలువ. బ్యారేజీ దగ్గర మట్టం నిండుగా ఉన్నా మధ్యలో గుర్రపుడెక్క పట్టేస్తే నాగాయలంక, కృత్తివెన్ను వైపు చేలకు నీళ్లు అందవు. తాగడానికి ఒక బిందె ముంచుకుంటే లోటు తెలియదు. ఊరంతా ఒకేసారి నాట్లకు నీళ్లు పెట్టుకున్నప్పుడే శివారు ఎండుతుంది.

నా కారులో జరిగింది అదే. టెర్మినల్ మీద పేరుకున్న పొడి వల్ల ఆ కీలు దగ్గర ఓం అనే కొలతలో వందో వంతుకు రెట్టింపు, అంటే 0.02 ఓముల అడ్డు ఏర్పడిందనుకుందాం. హెడ్‌లైట్లకు కావలసింది పది ఆంపియర్లు. ఆ అడ్డు దగ్గర పోయేది 0.2 ఓల్టులు. కంటికి తేడా తెలియదు, గోడ మీద వెలుగు నిండుగానే ఉంటుంది. సెల్ఫ్ కొట్టగానే 150 ఆంపియర్లు కావాలి. అప్పుడు అదే అడ్డు దగ్గర 3 ఓల్టులు పోతాయి. పన్నెండు కాస్తా తొమ్మిది అవుతుంది. బ్యాటరీ తన వంతుగా దిగే ఒకటి రెండు ఓల్టులు కూడా కలిస్తే మోటారుకు మిగిలేది అంతకంటే తక్కువ. పోయిన ఆ మూడు ఓల్టులు ఎక్కడికి పోయాయి? 450 వాట్ల వేడిగా మారి ఆ టెర్మినల్ దగ్గరే ఉండిపోయాయి. పెద్దాయన వేలికి తగిలిన వెచ్చదనం అదే. పొయ్యి వెలిగిన చోటే దొంగ ఉన్నాడు.

బెజవాడ ఎండలో బ్యాటరీ

ఈ కథలో రెండో పాత్ర బ్యాటరీ. ఫ్రాన్సుకు చెందిన గాస్టన్ ప్లాంటే 1859లో సీసపు రేకుల్ని గంధకామ్లంలో ముంచి, మళ్లీ మళ్లీ చార్జి చేసుకోగల తొలి బ్యాటరీ తయారుచేశాడు. నేటికీ కారు బానెట్ కింద ఉన్నది దాని వారసురాలే. రెండు ఓల్టుల చొప్పున ఆరు గదులు వరసగా ఉంటాయి. నిండుగా ఉన్న బ్యాటరీ, బండి కట్టేసి కొన్ని గంటలు గడిచాక, మీటరులో 12.6 ఓల్టులు చూపిస్తుంది. 12.2 అంటే సగమే ఉన్నట్టు. 12 అంటే అడుగంటుతున్నట్టు. పన్నెండు ఓల్టుల బ్యాటరీకి పన్నెండు చూపిస్తే బాగున్నట్టే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

చలిదేశాల్లో బ్యాటరీ చలికి మొరాయిస్తుంది. మన దగ్గర ఎండే దాని ఆయువు తినేస్తుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే లోపలి రసాయన చర్యలు సుమారు రెట్టింపు వేగంతో సాగుతాయి. అందులో పనికొచ్చేవాటితో పాటు పలకల్ని తినేసేవి కూడా ఉంటాయి. మే నెలలో 45 డిగ్రీలు తాకే ఊళ్లో, ఎండలో నిలబెట్టిన కారు బానెట్ కింద బ్యాటరీ పడే బాధ అందుకే తొందరగా బయటపడుతుంది. ఎండ దెబ్బతీసిన బ్యాటరీ తొలి వానలకో, డిసెంబరు మంచుకో చేతులెత్తేస్తుంది. నింద మాత్రం చలికి పడుతుంది. మన రాష్ట్రంలోనే తిరుపతి దగ్గర కరకంబాడిలో, 1985లో గల్లా రామచంద్ర నాయుడు స్థాపించిన అమరరాజా సంస్థ బ్యాటరీల తయారీలో దేశమంతటా పేరు తెచ్చుకుంది. మండే ఎండలున్న ఈ నేల బ్యాటరీని ఎంత పరీక్షిస్తుందో ఇక్కడివారికి తెలియంది కాదు.

వాడకపోవడం కూడా బ్యాటరీకి చేటే. పిల్లలు అమెరికాలో, పెద్దవాళ్లు ఊళ్లో, పండక్కి మాత్రమే తీసే కారు మన జిల్లాల్లో చాలా ఇళ్ల వసారాల్లో కనిపిస్తుంది. కట్టేసి ఉన్నా గడియారం, అలారం, కంప్యూటరు కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. 50 మిల్లీఆంపియర్లు అనుకున్నా రోజుకు 1.2 ఆంపియర్-అవర్లు. ఇరవై రోజుల్లో సగం బ్యాటరీ ఖాళీ. అలా వదిలేస్తే పలకల మీద సీసపు సల్ఫేటు గట్టిపడి, తర్వాత ఎంత చార్జి చేసినా పూర్తిగా కరగదు. వారానికోసారి బండి తీసి అరగంట తిప్పడం, లేదా నెలల తరబడి వాడనప్పుడు నెగటివ్ వైరు ఊడదీసి ఉంచడం దీనికి మందు.

చెవి చెప్పే రోగం

విజయవాడకు బళ్ల వైద్యం ఊరికే రాలేదు. చెన్నై నుంచి కలకత్తా వెళ్లే జాతీయ రహదారి, పుణె నుంచి హైదరాబాదు మీదుగా మచిలీపట్నం చేరే రహదారి ఇక్కడ కలుస్తాయి. లారీలు ఆగే చోట మెకానిక్కులు పెరుగుతారు. ఊళ్లో రోడ్ల వెంట చెదిరి ఉన్న షెడ్లన్నీ 1960ల్లో జవహర్ ఆటోనగర్‌గా ఒకచోట చేరాయి. లారీ బాడీ కట్టేవాళ్లు, లేత్ పనివాళ్లు, రేడియేటర్లు అతికేవాళ్లు, ఆర్మేచర్‌కు కొత్త రాగితీగ చుట్టేవాళ్లు, కార్బన్లు, బుష్‌లు మార్చేవాళ్లు ఒక్కో సందులో ఒక్కో విద్య పండించారు. చాలామందికి ఆ విద్య బడిలో రాలేదు. పదేళ్ల వయసులో స్పానర్ అందించడంతో మొదలై చేతుల్లోకి ఎక్కింది.

వాళ్ల మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "సెల్ఫ్ తిరుగుతోందా, లేదా?" ఆ ఒక్క ప్రశ్నతో సగం అనుమానాలు రాలిపోతాయి. తిరక్కపోతే గొడవ బ్యాటరీ నుంచి మోటారుదాకా ఉన్న దారిలోనే. పెట్రోల్ జోలికి పోనక్కర్లేదు. తిరుగుతూ ఇంజన్ అందుకోకపోతే బ్యాటరీని నిందించి లాభం లేదు.

తిరగనప్పుడు రెండో సాక్షి చెవి. టకటకటక అని వరసగా కొట్టుకుంటే బ్యాటరీ నీరసించింది. సొలనాయిడ్ మోటారుకు దారి తెరవగానే ఓల్టేజీ పడిపోతుంది, కడ్డీని పట్టి ఉంచే బలం చాలక వదిలేస్తుంది. వదలగానే ఓల్టేజీ లేస్తుంది, మళ్లీ లాగుతుంది. ఒకే ఒక్క టిక్ వినబడి ఆగిపోతే కీళ్లలో తుప్పు, లేదా మోటారు లోపల అరిగిన కార్బన్లు. అప్పుడు మోటారు మీద స్పానర్ పిడితో ఒక దెబ్బ వేస్తే కార్బన్ కదిలి ఆనుకుని ఒక్కసారి తిరుగుతుంది. అది మరమ్మతు కాదు, షెడ్డుదాకా చేరడానికి దొరికిన గడువు. అసలు చప్పుడే లేకపోతే మూడో సాక్షి కన్ను. సెల్ఫ్ కొట్టినప్పుడు లైట్లు మసకబారకుండా అలాగే ఉంటే కరెంటు మోటారుదాకా వెళ్లనేలేదు. తాళం స్విచ్, రిలే, క్లచ్ కింద ఉండే చిన్న స్విచ్, ఆటోమేటిక్ బండైతే గేరు న్యూట్రల్‌లో ఉందా అన్నది చూడాలి.

లైట్లు మసకబారితే మీటరు తీయాలి. ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు గట్టెంట నడిచినట్టు ముక్కముక్కగా కొలవాలి. ముందు బ్యాటరీ సీసపు పోస్టుల మీద. అక్కడే తొమ్మిదిన్నర కంటే కిందికి పడితే బ్యాటరీ అలసింది. అక్కడ పదకొండు ఉండి, పోస్టుకూ దానికి బిగించిన క్లాంపుకూ మధ్య మూడు ఓల్టులు చూపిస్తే ఆ కీలే దోషి. ఆ తర్వాత బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు, ఆ తర్వాత మోటారు బోల్టు. మంచి కీలు దగ్గర ఓల్టులో పదో వంతు కూడా పోకూడదు. పార్టులు మార్చి చూద్దాం అనే మాట ఇక్కడికి రాదు. నీరు ఎక్కడ తగ్గిందో అక్కడే గుర్రపుడెక్క ఉంది.

తిరుగుతుంది, అందుకోదు

సెల్ఫ్ హుషారుగా తిరుగుతున్నా ఇంజన్ అందుకోకపోతే కథ ఇంకో కాలువలోకి మళ్లుతుంది. గాలి, ఇంధనం, నిప్పురవ్వ, నొక్కుడు, ఇవన్నీ సరైన వేళకు జరగడం. ఈ అయిదింట్లో ఏది లోపించినా ఇంజన్ పలకదు.

అంబాసిడర్ రోజుల్లో నిప్పు లేకపోతే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్లు గరుకు కాగితంతో రుద్దేవారు. మిట్టమధ్యాహ్నం ఆగిన బండి మళ్లీ స్టార్ట్ కాకపోతే పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ వేసేవారు. అది మూఢనమ్మకం కాదు. ఇంజన్ వేడికి పైపులో పెట్రోల్ మరిగి ఆవిరవుతుంది. ద్రవాన్ని తోయడానికి చేసిన పంపు ఆవిరిని తోయలేదు. తడిగుడ్డ చల్లబరిస్తే ఆవిరి మళ్లీ పెట్రోల్ అవుతుంది. డీజిల్ బండికి 'ఎయిర్ పట్టడం' దీనికి అన్నదమ్ముల వరస. పైపులో చేరిన గాలిని చేతిపంపు కొట్టి బయటికి పంపాలి.

ఇప్పటి కార్లలో పాయింట్ల చోట సెన్సార్లు కూర్చున్నాయి. క్రాంక్ సెన్సార్ అనే చిన్న ముక్క ఇంజన్ ఎక్కడిదాకా తిరిగిందో కంప్యూటర్‌కు చెబుతుంది. అది మూగబోతే నిప్పు ఎప్పుడు వేయాలో, పెట్రోల్ ఎప్పుడు చిమ్మాలో కంప్యూటర్‌కు తెలియదు. రెండూ ఆపేస్తుంది. కొన్ని సెన్సార్లు వేడెక్కినప్పుడు పనిచేయక, చల్లారాక మళ్లీ పనిచేస్తాయి. బండి దారిలో ఆగి, అరగంట తర్వాత ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యే వింత వెనక తరచూ ఇదే ఉంటుంది. తాళంలోని చిప్‌ను కారు గుర్తుపట్టకపోయినా అంతే. ముందు డాష్‌బోర్డు మీద తాళం గుర్తు మిణుకుమంటోందా అని చూడాలి.

స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు స్కానర్ పెడితే తప్పు కోడ్ వస్తుంది. దాన్ని సరిగ్గా చదవడం ఒక విద్య. పీ0335 అని వస్తే క్రాంక్ సెన్సార్ సర్క్యూట్‌లో తేడా ఉందని అర్థం, సెన్సారే పోయిందని కాదు. సెన్సార్ నుంచి కంప్యూటర్‌దాకా ఉన్న వైరులో ఎక్కడైనా కావచ్చు. వరిచేల మధ్య ఊళ్లలో కోతలయ్యాక ఎలుకలు ఇళ్ల వైపు మళ్లుతాయి. వెచ్చగా ఉండే బానెట్ కింద చేరి వైర్లు కొరుకుతాయి. కొత్త సెన్సార్ కొని బిగించినా అదే కోడ్ మళ్లీ వస్తే, కొరికిన వైరు ఇంకా అక్కడే ఉందన్నమాట. స్కానర్ ఏ కాలువో చెబుతుంది. గట్టెంట నడవాల్సింది మనిషే.

తాళం తిప్పకూడని రోజు

ఇన్ని పరీక్షలూ సెల్ఫ్ కొట్టి చూడమనే చెబుతాయి. సెల్ఫ్ అసలే కొట్టకూడని సందర్భం ఒకటుంది. దాన్ని విజయవాడ చాలా బాధపడి నేర్చుకుంది.

2024 ఆగస్టు చివర కుండపోతగా కురిసిన వానలకు బుడమేరు వాగు పొంగింది. దాని మళ్లింపు కాలువ గట్లకు గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 1 తెల్లవారేసరికి సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం నీళ్లలో ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. బ్యారేజీ చరిత్రలో అంత వరద ఎన్నడూ రాలేదు. వీధుల్లో, అపార్టుమెంట్ల సెల్లార్లలో వేలాది కార్లు, ఆటోలు, మోటార్ సైకిళ్లు రోజుల తరబడి మునిగి ఉన్నాయి. ఆ ఆటోలే కొన్ని కుటుంబాలకు రోజు కూలి. నీరు తీయగానే ఎవరికైనా కలిగే మొదటి ఆరాటం ఒక్కటే: బండి బతికుందా? చెయ్యి తాళం మీదికి పోతుంది.

ఆ తాళం తిప్పడమే ఇంజన్ ప్రాణం తీయవచ్చు. 1200 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ 400 సీసీ గాలిని నొక్కి 45 సీసీ దాకా కుదిస్తుంది. గాలి నొక్కుకుంటుంది, నీరు నొక్కుకోదు. సిలిండర్‌లో అర టీ గ్లాసు నీళ్లున్నా పిస్టన్ పైదాకా రాలేదు. సెల్ఫ్ మోటారు తన పది రెట్ల పళ్ల బలంతో తోస్తుంది, ఇంజన్ అందుకుంటే ఇంకా గట్టిగా తోస్తుంది. మధ్యలో ఉన్న కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. కడిగి ఆరబెడితే బాగయ్యే బండి ఇంజన్ విప్పాల్సిన బండి అవుతుంది.

మునిగిన బండికి మొదటి మందు బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీయడం. తర్వాత దాన్ని లాక్కెళ్లడమే తప్ప స్టార్ట్ చేయడం కాదు. ఎయిర్ ఫిల్టర్ తడిసిందేమో చూడాలి. ఇంజన్ ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారితే నీళ్లు కలిసినట్టే, పూర్తిగా దించేయాలి. స్పార్క్ ప్లగ్గులు తీసి, ముందున్న పుల్లీకి స్పానర్ వేసి ఇంజన్‌ను నెమ్మదిగా చేత్తో తిప్పాలి. నీళ్లుంటే ప్లగ్గు రంధ్రాల్లోంచి చిమ్ముతాయి. కనెక్టర్లు, కంప్యూటర్ పెట్టె విప్పి ఆరబెట్టాలి. అవన్నీ అయ్యాకే తాళం. వందేళ్ల కిందట కెటరింగ్ వదిలించిన ఆ చేతి తిప్పుడే వరద తర్వాత బండిని కాపాడే మార్గం అయింది. చెయ్యికి అడ్డు తెలుస్తుంది, ఆగుతుంది. మోటారుకు తెలియదు, తోస్తూనే ఉంటుంది.

మళ్లీ మొదటికి

ఇప్పుడు సెల్ఫ్ మోటారు కథ ఒక చుట్టు తిరిగి మొదలైన చోటికే వస్తోంది. చిన్న హైబ్రిడ్ కార్లలో ఒకే యంత్రం ఇంజన్‌ను స్టార్ట్ చేసి, తర్వాత డైనమోగా మారి కరెంటు ఇస్తోంది. 1912 కాడిలాక్‌లో ఉన్న ఏర్పాటు అదే. పూర్తి విద్యుత్ కారుకైతే సెల్ఫ్ మోటారే అక్కర్లేదు. అయినా దాని పెద్ద బ్యాటరీని పనిలోకి దింపే స్విచ్‌లు మూసుకోవాలంటే ఒక మూల చిన్న 12 ఓల్టుల బ్యాటరీ బతికి ఉండాలి. అది అడుగంటితే వందల ఓల్టుల కారు కూడా కదలదు. టెర్మినల్ మీద చెయ్యి పెట్టి చూసే విద్యకు ఇంకా చాలా రోజులు పని ఉంది.

ఆ రోజు సంచి సర్దుకుని వెళ్లబోతూ పెద్దాయన ఆగారు. "బండి ఆపి ఇంకో మూడుసార్లు కొట్టండి" అన్నారు. కొట్టాను. మూడుసార్లూ అందుకుంది. ఆయన మాత్రం ఇంజన్ చప్పుడు వినట్లేదు. నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఇందాక వెచ్చగా ఉన్న టెర్మినల్ మీద పెట్టారు.

"ఇప్పుడు చూడండి."

చల్లగా ఉంది.